గాలయ్య చూసిన గోపురం

గాలయ్య మేకను ముట్టుకునేవాడు కాదు. మిగతా బేరగాళ్ళందరూ నడుం పట్టి చూస్తారు, వెన్ను నొక్కుతారు, రెండు చేతులతో ఎత్తి దించుతారు. గాలయ్య మాత్రం బీడీ ముట్టించుకొని అంత దూరాన నిలబడి, ఒక్క చూపు చూసి, కోస్తే మాంసం ఎంత పడుతుందో చెప్పేవాడు. తర్వాత కాటా మీద పెట్టినవాళ్ళు నోరు మూసుకొని పోయేవాళ్ళు. మెదక్‌లో బోనాలకు మేకపోతు కావాలన్నా, పెండ్లికి పొట్టేలు కావాలన్నా, ఏడుపాయల జాతరలో మొక్కు తీర్చాలన్నా జనం ముందు గాలయ్య ఇంటికే వచ్చేవాళ్ళు. ఆ చూపుతోనే ఇల్లు కట్టాడు, కూతురు సుమనను పాపన్నపేటకు ఇచ్చి పెండ్లి చేశాడు. అంతవరకు ఆయనకు వంక పెట్టడానికి లేదు.

వంకంతా నోటితోనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన గాలయ్యకు ఊళ్ళో ఒక్క మనిషీ మంచివాడు కాదు. కుంటుకుంటూ వచ్చేవాణ్ని చూసి తన మేకలను కూడా కుంటించి చూపేవాడు. పిల్లలు లేని ఆడమనిషి ఎదురైతే గొడ్డుమేక సంగతి ఎత్తేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. తమ వంతు వచ్చేదాకా నవ్వడానికి ఎవరికేం పోయింది? ఆ వంతు రోజూ తప్పకుండా వచ్చేది మాత్రం ఆయన భార్య యాదలక్ష్మికే.

మొగుడికీ పెళ్ళానికీ షుగరు ఒకే ఏడు బయటపడింది. గాలయ్య గోళీలు వేసుకున్ననాడు వేసుకునేవాడు, మరిచిననాడు మరిచేవాడు. యాదలక్ష్మి భయస్తురాలు. డాక్టరు ఏం చెబితే అది చేసేది. షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి కండ్లు చూపించుకోవాలంటే సర్కారు దవాఖానకు పోయింది. అక్కడ కండ్ల గదిలో వినీల అనే అమ్మాయి ఉండేది. కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, కంటి వెనక ఉండే పరదాను మిషనుతో ఫోటో తీసేది. చుక్కలు వేసుకున్న రోజు చూపంతా మసక, ఎండ చూస్తే కండ్లు చీరుకుపోతాయి, అందుకని ఒక మనిషిని తోడు తెచ్చుకోమని వినీల ముందే చెప్పింది.

మొదటి ఏడు తోడు గాలయ్యే వచ్చాడు. తిరిగి వస్తుంటే రాందాస్ చౌరస్తా దగ్గర ఎవరో పొట్టేలు బేరం అన్నారు. "జర నడువు, వస్త" అని పెళ్ళాం చెయ్యి వదిలేసి వాళ్ళ వెంట పోయాడు. యాదలక్ష్మి ఆ మసకలో గోడ పట్టుకుంటూ నడిచి నడిచి, రోడ్డు పక్కన నోరు తెరిచి ఉన్న మోరీలో పడింది. మోకాలి కింద ఎముక కనబడేంత చీరుకుపోయింది. చీరె నిండా మురుగుతో, నలుగురు మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి లాగితే పైకి వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆమె మొగుడు ఏమన్నాడో ఆ వాడకట్టులో పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఎందుకంటే గాలయ్య ఏళ్ళ తరబడి ప్రతి బేరంలో ఆ కథ చెప్పాడు. "మా ఇంటిదాని కండ్లు దవాఖానల ఫోటో దిగినయి, చౌరస్తల తానం జేసినయి" అనేవాడు. ఆమె పడ్డ తీరు, కాళ్ళు పైకి లేచిన తీరు చేతులతో చూపించేవాడు. చాయ్ తెచ్చి పెడుతున్న ఆమె ముందే చూపించేవాడు. అప్పటినుంచి ఆమె పేరు మోరీచూపుది అయింది. మరుసటి ఏడు నుంచి యాదలక్ష్మి ఒక్కతే పోయి, చూపు తేటపడేదాకా దవాఖాన బల్ల మీదే కూర్చొని, పొద్దు వాలినాక ఇంటికి వచ్చేది. ఒక ఏడు ఫోటోలో ఎర్రటి మచ్చలు కనబడ్డాయి. పట్నం పంపి లేజరు కొట్టించారు. చూపు నిలబడింది. గాలయ్య దానికీ నవ్వాడు.

ఆయన నవ్వుకు ఒక కారణం ఉంది. వాళ్ళ డాబా మీదికెక్కి తూర్పు మూల నిలబడితే, ఇండ్ల మీదుగా మెదక్ చర్చి గోపురం కనబడేది. గాలయ్య తండ్రి కూడా మేకలవాడే. పొద్దున లేవగానే గోపురం చూడు, అది కనబడినన్ని రోజులు నీకు బువ్వకు తక్కువ లేదు అని కొడుక్కు నేర్పాడు. గాలయ్య ఆ మాటను వేదం కంటే గట్టిగా పట్టుకున్నాడు. ఏ కాలమైనా సరే, వేపపుల్ల నోట్లో పెట్టుకొని డాబా ఎక్కి, గోపురం చూసి, కిందికి దిగితేనే ఆయనకు తెల్లారినట్టు.

"గోపురం కనబడ్డంత మాత్రాన పరదా మంచిగున్నట్టు కాదు పెద్దమ్మా" అని వినీల ఎన్నిసార్లు చెప్పిందో. "షుగరు కంటిని వెనకంగ తింటది. నొయ్యది, నీళ్ళు కారవు. మనకు ఎరుకయ్యేటాలకు తినుడు అయిపోతది. పెదనాయనను ఒక్కసారి తోలుకరాండ్రి."

యాదలక్ష్మి ఇంటికి వచ్చి ప్రతిసారీ చెప్పింది. అన్నం పెట్టేటప్పుడు చెప్పింది, సుమన చేత చెప్పించింది. చివరకు ఒకనాడు గాలయ్య విసుక్కొని, వాకిట్లో బేరానికి వచ్చిన వాళ్ళందరి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. "చుక్కలేసుకొని దినమంత గుడ్డోని లెక్క కూసుంటే బేరం ఎవడు జెయ్యాలె? నాకు గోపురం కనవడ్తుంది. కనవడని నాడు నేనే వస్తనని చెప్పు నీ వినీలకు. గా దినం మోరీల పడమన్నా పడ్త." మేకలవాడు మాట తప్పితే బజారులో నిలబడలేడు. కాబట్టి ఆ మాట ఉత్త మాట కాదు, అది అందరికీ తెలుసు.

ఇక రఘుపతి సంగతి. రెండిండ్ల అవతల ఉండే మంచి మనిషి. దసరాకు ముందు గాలయ్య రేగోడ్ వైపు ఊళ్ళలో మేకలు కొనడానికి పోయి కొన్నాళ్ళు తిరిగిరాలేదు. ఆలోగా రఘుపతి తన డాబా మీద మెట్ల గది లేపి, దాని నెత్తిన నల్లటి నీళ్ళ ట్యాంకు పెట్టించాడు. సరిగ్గా గాలయ్య నిలబడే మూలకు ఎదురుగా. యాదలక్ష్మి వడియాలు ఎండబెట్టడానికి పైకి పోయి చూస్తే గోపురం లేదు. సిమెంటు గది, నల్ల ట్యాంకు, దాని మీద వంగి ఉన్న పైపు, అంతే.

ఆమెకు సంతోషమైంది. ఈ ట్యాంకు రూపంలో దేవుడే దిగివచ్చాడనుకుంది. మొగుడు వచ్చి చూస్తాడు, గోపురం కనబడదు, రఘుపతిని నాలుగు బూతులు తిడతాడు, కానీ ఒట్టు ఒట్టే కదా, నలుగురిలో పట్టుకొని అడిగి దవాఖానకు తీసుకుపోవచ్చు అనుకుంది.

గాలయ్య వచ్చిన మరునాడు పొద్దున ఆమె చాయ్ గ్లాసు పట్టుకొని వెనకే డాబా ఎక్కింది. ఆయన మూలకు పోయి, నడుం మీద చేతులు పెట్టుకొని, కండ్లు చిన్నవి చేసి తూర్పుకు చూశాడు. చాలాసేపు చూశాడు.

"కనవడ్తుంది" అన్నాడు. "ఇయ్యాల ఇంకింత దగ్గరికొచ్చినట్టున్నది."

ఎగతాళి చేస్తున్నాడనుకుంది. ఆయన మొహం చూసింది. ఎగతాళి లేదు. "నెత్తిమీది శిలువ గూడ తెల్వవడ్తున్నది" అని గాలయ్య వేపపుల్లతో చూపించాడు. ఆ పుల్ల చూపించింది ట్యాంకు మీది పైపును.

ముందు ఆమెకు వచ్చింది భయమే, అందులో అబద్ధం లేదు. పక్కింటి ట్యాంకును పట్టుకొని గోపురమంటున్నాడంటే ఈ మనిషికి కండ్లు ఎంత పోయి ఉండాలి? ఎన్నాళ్ళుగా అలవాటు మీద చూస్తున్నాడు? "అయ్యా, గది..." అని నోరు తెరిచింది.

"ఏందే?" అన్నాడు గాలయ్య. "నీకు కనవడ్తలేదా? ఎట్ల కనవడ్తది, మోరీచూపుదానా." తర్వాత, తన మాట తనకే నచ్చినప్పుడు నవ్వినట్టు నవ్వి, పిట్టగోడ మీద నుంచి వంగి, వాకిట్లో మేకలను తోలుకొచ్చిన వాళ్ళకు వినబడేలా చెప్పాడు. "మా ఇంటిదానికి చర్చి కనవడ్తలేదంట. రేపు చర్చిల బోయి మోరీ ఏడుందని అడుగుతది." కింద వాళ్ళు నవ్వారు.

యాదలక్ష్మి రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వచ్చి వాళ్ళింట్లో చాప పరుచుకొని కూర్చుంది, ఎంతకూ లేవలేదు.

మొదట కొన్నాళ్ళు ఆమెకు నిద్ర పట్టలేదు. తర్వాత పట్టింది. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గేసే సంగతే అయినా చెప్పాలి, ఆమెకు అందులో రుచి పుట్టింది. జీవితమంతా ఒక మనిషి చూపు కింద కుదించుకొని బతికిన ఆడదానికి, ఆ చూపు లేదని తనకొక్కదానికే తెలియడం ఎంత తీపో ఊహించుకోవచ్చు. షుగరుదానికి దొరికిన తీపి అదొక్కటే. పొద్దున్నే తనే గుర్తుచేసి పైకి పంపేది. దిగి వచ్చాక "కనవడ్డదా?" అని అడిగేది. "మస్తు కనవడ్డది" అనేవాడు. ఆ మాట విని పొయ్యి దగ్గరికి పోయి, వీపు అటు తిప్పి నవ్వుకునేది.

గాలయ్యకేమో గర్వం పెరిగింది. కాకరకాయ రసం తాగుతున్నానని, దాంతో చూపు వెనక్కి మళ్ళిందని, గోపురం ముందటికంటే పెద్దగా కనబడుతోందని బజారంతా చెప్పుకున్నాడు. షుగరు గోళీలు ఇక అక్కర్లేదని మానేశాడు. దానికి కూడా ఆమె అడ్డు చెప్పలేదు.

అయితే చూపు పెరిగిన ఆ మనిషి మేకలను ముట్టుకోవడం మొదలుపెట్టాడు. నడుం పట్టి చూసేవాడు, చెవులు తడిమేవాడు. ఎవరైనా అడిగితే, చెయ్యి అబద్ధం చెప్పదు అనేవాడు. గడప దగ్గర తట్టుకునేవాడు, గడపను తిట్టేవాడు. ఒకనాడు యాదలక్ష్మి ఆయన నీళ్ళ చెంబును రోజూ పెట్టేచోట కాక జానెడు పక్కకు జరిపి పెట్టి, తలుపుకు ఆనుకొని నిలబడింది. ఆయన చెయ్యి నేల మీద వెతికింది, గోడను తాకింది, మళ్ళీ వెతికింది. ఆమె చివరిదాకా చూసింది. ఆ రాక్షసబుద్ధి తనదేనా అని ఆ సాయంత్రం ఆమెకే అనుమానం వచ్చింది. అయినా చెప్పలేదు.

దవాఖానలో వినీల అడిగింది. "పెదనాయన రాడా పెద్దమ్మా?"

"గోపురం కనవడ్తుందంటుండు బిడ్డా" అంది యాదలక్ష్మి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

శివరాత్రికి ఏడుపాయల జాతర వచ్చింది. శివ్వంపేట నుంచి ఒక ముసలామె మనవడికి జ్వరం తగ్గిందని మొక్కు తీర్చడానికి వచ్చి, అమ్మవారికి పోతు కావాలని గాలయ్యను వెతుక్కుంటూ వచ్చింది. మొక్కు పోతుకు వంక ఉండకూడదు. కొమ్ము విరగకూడదు, చెవి చినగకూడదు, ఒంటి మీద పుండు ఉండకూడదు. గాలయ్య మందలో చెయ్యి పెట్టి, నడుం పట్టి, చెవులు తడిమి, కొమ్ములు తడిమి, ఒకదాన్ని ముందుకు లాగాడు. "ఒంటి మీద మచ్చ లేదు తల్లీ. గిసుంటి పోతు జాతర మొత్తంల లేదు" అన్నాడు.

ముసలామె పోతు మొహం పట్టుకొని తనవైపు తిప్పుకుంది. కాసేపు చూసింది. "దీని కంట్ల పువ్వున్నది గదయ్యా" అంది. కుడికంట్లో శనగగింజంత తెల్లటి పువ్వు. దూరం నుంచి వస్తున్నవాళ్ళకు కూడా కనబడుతోంది. "గుడ్డి పోతును అమ్మవారికియ్యమంటవా? నీకు కండ్లున్నయా?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నట్టయింది. జాతరలో అలాంటి మాట ఆగుతుందా? పక్క బేరగాళ్ళు ఎన్నేళ్ళ నుంచో ఈ రోజు కోసం కాచుకొని ఉన్నారు. ఒకడు గాలయ్య లాగే బీడీ ముట్టించుకొని, దూరం నిలబడి, గాలయ్యనే చూసి, "కోస్తె మాంసం మస్తు పడ్తది గని కండ్లు లెక్కకు రావు" అన్నాడు. అంతా పడీ పడీ నవ్వారు. గాలయ్య నేర్పిన నవ్వే అది, అప్పు తీరిపోయింది. మందకు గడ్డి వేస్తూ యాదలక్ష్మి అక్కడే ఉంది. నవ్వు వస్తుందనుకుంది, రాలేదు. ఆయన పోతు మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకొని, తన మొహం దానికి ఆనించి, ఆ కంట్లో పువ్వు కోసం వెతుకుతున్నాడు.

రెండు మూడు రోజులకు గాలయ్య పొద్దున లేస్తూనే, ఇంట్లో పొగ పెట్టారా అని అడిగాడు. కండ్ల ముందు నల్ల దారాలు ఈదుతున్నాయన్నాడు. మధ్యాహ్నానికి కుడికంటి ముందు అంతా ఎర్రగా, ఆ తర్వాత నల్లగా అయింది. ఎడమకంటికి ఎదురుగా నిలబడ్డ మనిషి నీడలా కనబడుతున్నాడన్నాడు. యాదలక్ష్మి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమే, ఇన్నాళ్ళ నవ్వూ నిజమే.

సుమన వచ్చి ఇద్దరినీ పట్నం తీసుకుపోయింది. పెద్ద డాక్టరు చూసి, కుడికంట్లో రక్తం కారి పరదా ఊడిపోయిందని, ఆపరేషను చేసినా అది తిరిగి రాదని చెప్పాడు. ఎడమకంటికి లేజరు, సూదులు ఇచ్చి ఆ కాస్త నీడనైనా నిలబెట్టే ప్రయత్నం చేద్దామన్నాడు. "కొన్ని నెలల ముందు తెచ్చుంటే చాలావరకు కాపాడేవాళ్ళమమ్మా. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు.

"నాన్న ఎవరి మాటా వినడు సార్" అంది సుమన. యాదలక్ష్మి చీరె కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. ఆ కొన్ని నెలలు ఏవో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

ఇంటికి వచ్చాక మేకలు అమ్మేశారు. గాలయ్య మంచం వాకిట్లో పడింది. జనం వచ్చి పరామర్శించి పోతున్నారు. ఒకనాడు రఘుపతి నాలుగు బత్తాయిలు పట్టుకొని వచ్చి, మంచం పట్టె మీద కూర్చొని, మంచితనం కొద్దీ తన మనసులో ఉన్నది కక్కేశాడు.

"గాలన్నా, నాకొక్కటే గుచ్చుకుంటున్నది. నేను మెట్ల గది లేపి ట్యాంకు పెట్టిస్తె మీ గోపురానికి అడ్డమొచ్చింది. దసరకు ముందుగాల గద. నువ్వొచ్చి కొట్లాడ్తవనుకున్న. ఒక్క మాట గూడ అనకపోతివి. పెద్ద మనసు నీది."

గాలయ్య బత్తాయి ఒకటి చేతిలో పట్టుకొని తిప్పుతూ ఉండిపోయాడు. రఘుపతి పోయాక చాలాసేపటికి యాదలక్ష్మిని పిలిచాడు.

"పొద్దుగాల పొద్దుగాల అడుగుతుంటివి, కనవడ్డదా అని."

ఆమె నిలబడింది.

"నీకు ఎరుకనే గద."

"ఎరుకనే."

"ఎందుకు చెప్పలే?"

దీనికి జవాబును యాదలక్ష్మి ఎన్నో రకాలుగా సిద్ధం చేసుకొని ఉంది. చెప్పబోయాననీ, నువ్వే చెప్పనియ్యలేదనీ. తీరా నోటికి వచ్చింది వేరు. "నాది మోరీచూపాయె. నా మాట నువ్వెప్పుడు నమ్మినవని చెప్పాలె?"

తిడతాడనుకుంది. చెయ్యెత్తినా ఎత్తనీ అనుకుంది. గాలయ్య బత్తాయిని మంచం మీద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆమెను ఒక్క మాట ఎగతాళి చేయలేదు. ఆమె ఇచ్చిన ఏ వస్తువునూ నమ్మలేదు కూడా. పాలు ఇస్తే వాసన చూసేవాడు. గోళీ ఇస్తే పక్కింటివాళ్ళను పిలిచి ఇది ఏ గోళీ అని అడిగేవాడు. మెట్టు ఉందంటే లేదేమో అనుకునేవాడు. లేదంటే ఉందేమో అనుకునేవాడు. ఆ ఇంట్లో ఆయనకు ఉన్న కండ్లు ఆమెవే, ఆ కండ్లు తనకు అబద్ధం చెబుతాయని ఆయనకు తెలుసు. ఇంతకు మించిన శిక్ష యాదలక్ష్మి కోరలేదు. ఆ శిక్షకు కాపలా ఉండాల్సింది తనేనని కూడా ఆమె అనుకోలేదు.

ఏడు తిరిగింది. యాదలక్ష్మి కండ్లు చూపించుకునే రోజు వచ్చింది. మొగుణ్ని ఒంటరిగా వదలలేక వెంట తీసుకుపోయింది. చుక్కలు వేస్తూ వినీల, "ఈసారి తోడు ఎవరొచ్చిండ్రు పెద్దమ్మా?" అని అడిగింది. యాదలక్ష్మి బల్ల మీద కూర్చున్న గాలయ్యను చూపించింది. వినీల ఆయన కండ్లలోకి చూసి, ఇంకేమీ అడగలేదు. ఫోటో చూసి మాత్రం, "మీ పరదా మంచిగున్నది" అని మెల్లగా చెప్పింది. గాలయ్యకు అది వినబడింది.

బయటికి వస్తే ఎండ. యాదలక్ష్మికి లోకమంతా తెల్లగా పేలిపోయినట్టుంది. ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని, ఇంకో చేత్తో మొగుడి చెయ్యి పట్టుకొని చౌరస్తా దాకా నడిపించింది. అక్కడ ఆగింది. ఏళ్ళ కింద తను పడ్డ చోటు అదే. ఇప్పుడు మోరీ మీద బండలు పరిచారు, పొద్దున వచ్చేటప్పుడు చూసింది.

ఆమె ఆగేసరికి గాలయ్య చెయ్యి బిగుసుకుంది. "మోరీయేనా?" అన్నాడు.

"మోరీనే. బండలేసిండ్రు. కాలు పెట్టు."

గాలయ్య కాలు పెట్టలేదు.

"బండలున్నయంటున్న గద" అంది యాదలక్ష్మి. "నా మీద ఒట్టు."

వెనక ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నారు. పండ్ల బండి దగ్గర ఎవరో, గాయన గాలయ్యనే గదా, మేకల గాలయ్య, అంటున్నారు. గాలయ్య భార్య చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చొని, రెండు చేతులతో బండను ఈ కొస నుంచి ఆ కొసదాకా, మేక నడుం పట్టి చూసినట్టు, తడిమి తడిమి చూశాడు. ఆ తర్వాతే కాలు పెట్టాడు.